కొసరు బొమ్మ

నా చిన్నప్పుడు మా ఊళ్ళో పారే నీళ్ళు చూడాలనుకుంటే ట్రాక్టర్ ట్రాలీ వెనక్కి వెళ్ళి నిలబడాల్సిందే. కంబదూరు నుంచి వచ్చే తారురోడ్డు పక్కన మా ఊరు. చుట్టూ ఎర్రనేల, గుండ్రాళ్ళ గుట్టలు. వాన పడితే వేరుశెనగ, పడకపోతే ఏమీ లేదు. ట్రాలీ వెనక తలుపు మీద మాత్రం ఏడాది పొడుగునా ఏరు నిండుగా పారుతుండేది. రెండు కొండల నడుమ సూర్యుడు, ఒక గుడిసె, దాని పక్కన వంగిన కొబ్బరిచెట్లు రెండు, ఏట్లో బాతులు. మా ఊళ్ళో బాతును కళ్ళతో చూసినవాళ్ళు ఎవరూ లేరు. అయినా ట్రాలీ చేయించుకున్న ప్రతి ఆసామికీ బాతులు కావాల్సిందే. అవి లేకపోతే బండికి కళ రాదని వాళ్ళ నమ్మకం.

ఆ బొమ్మలన్నీ మా చిన్నాయన వేసేవాడు. చిన్నాయన అంటే మా నాయనకు తమ్ముడు. అందరం ఒకే ఇంట్లో ఉండేవాళ్ళం. రోడ్డు పక్కన ట్రాలీలు తయారుచేసే వెల్డింగ్ షాపు ఒకటి ఉండేది. అక్కడ తయారైన ప్రతి ట్రాలీ మీదా రంగు, పేరు, బొమ్మ మా చిన్నాయనవే. బడి వదిలితే నేను ఇంటికి కాకుండా తిన్నగా అక్కడికే పరుగెత్తేదాన్ని. టర్పెంటైన్ వాసన అంటే నాకు ఇప్పటికీ పండగ వాసనే. ఆయన నాకొక పాత రేకుముక్క ఇచ్చి, డబ్బా అడుగున మిగిలిన రంగుతో నా ఇష్టం వచ్చినట్టు పూలు వేసుకోమనేవాడు.

ఒక సంగతి మాత్రం ఒప్పుకోవాలి. మా చిన్నాయన వేసిన ఏట్లో అలలు అచ్చం దున్నిన చేలో సాళ్ళలాగా ఉండేవి. ఈ గట్టు నుంచి ఆ గట్టు దాకా వరసగా, తీర్చిదిద్దినట్టు. పాపం ఆయన మాత్రం ఏం చేస్తాడు? పారే నీళ్ళు ఎప్పుడు చూశాడు గనక! ఒకసారి ఎవరిదో పెళ్ళికి పామిడి వెళ్ళినప్పుడు, పెన్నను చూడాలని తెల్లవారకముందే లేచి పోయాడట. తిరిగొచ్చాక మా అవ్వ, "ఎట్లుండాదిరా పెన్న?" అని అడిగితే, "ఇసక బాగుండాది మా" అన్నాడు. ఆ మాట మా ఇంట్లో సామెత అయిపోయింది. పరీక్షలో నాకు మార్కులు రాకపోయినా, పులుసులో ముక్కలు లేకపోయినా "ఇసక బాగుండాది" అనుకుని నవ్వుకునేవాళ్ళం.

ఇక ధరల సంగతి. బోర్డులు రాసే అందరిలాగే మా చిన్నాయనకూ అక్షరానికి ఇంత అని లెక్క. అంగడి బోర్డయినా, బడి గోడ మీద సూక్తి అయినా, ట్రాలీ మీద ఆసామి పేరైనా అక్షరాలు లెక్కపెట్టి ఇచ్చేవాళ్ళు. అందులోనూ పేచీలే. ఒత్తు అక్షరమా, కాదా? సున్నకు కూడా డబ్బులేమిటి, అది ఉత్త సున్నే కదా? ఒకాయన ఖర్చు కలిసొస్తుందని తన పేరులోంచి తాత పేరు తీసేయించుకున్నాడు. తాతగారు పైనుంచి ఏమనుకున్నారో మరి. అదంతా అలా ఉంచితే, బొమ్మలో అక్షరాలు ఉండవు. అక్షరాలు లేవు గనక దానికి ధర లేదు. బొమ్మ కొసరు.

కొసరంటే తెలియనిది కాదు. కూరగాయలు తూకం వేయించుకున్నాక గుప్పెడు పచ్చిమిరపకాయలు ఊరికే సంచిలో వేయించుకుంటామే, అది. మా చిన్నాయన బొమ్మ ఆ పచ్చిమిరపకాయల లెక్క. "ఎట్లాగూ రంగు కలిపినావు గదప్పా, ఎనకాల ఒక ఏరు, రెండు చెట్లు గూడా ఏసెయ్" అనేవాళ్ళు. పేరు రాయడానికి ఒక పూట పడితే బొమ్మకు మూడు నాలుగు రోజులు పట్టేది. ఆయనకేమో బొమ్మ వేయడమంటే ప్రాణం. ఇంత కావాలని అడగడానికి మాత్రం నోరు పెగిలేది కాదు. "మీకు తోచినంత ఇయ్యన్నా" అనేవాడు. వాళ్ళకు ఎప్పుడూ అక్షరాల లెక్కే తోచేది.

కొసరు విషయంలో మా ఇంట్లో అసలైన పండితురాలు మా అవ్వ, చిన్నాయన తల్లి. వెల్డింగ్ షాపుకు ఎదురుగా, బస్టాపు దగ్గర పూలబుట్ట పెట్టుకుని కూర్చునేది. మూర కొలిచేటప్పుడు మోచేతిని కాస్త లోపలికి మడిచేది. కొన్నవాళ్ళు "కొసరవ్వా" అనగానే, రాజులు దానం చేసినంత దర్జాగా నాలుగు వేళ్ళ పొడుగు తుంచి తనే వాళ్ళ జడలో తురిమేది. ఆ నాలుగు వేళ్ళ పూలూ వాళ్ళ మూరలోంచే పోయాయని వాళ్ళకు తెలియదు. చాలా ఏళ్ళ వరకు నాకూ తెలియలేదు. కొన్నవాళ్ళు సంతోషంగా పోయేవాళ్ళు, మా అవ్వ అంతకన్నా సంతోషంగా ఆకువక్క నమిలేది.

నేను ఐదో తరగతి చదివే ఏడాది చిన్నాయన పని బాగా తగ్గిపోయింది. వరసగా రెండేళ్ళు వేరుశెనగ పోవడంతో ట్రాలీలు చేయించేవాళ్ళు లేరు. అనంతపురంలో కొత్తగా ఫ్లెక్సీ మిషన్లు వచ్చాయి. అంగళ్ళ వాళ్ళు పొద్దున బస్సెక్కి సాయంత్రానికి తళతళలాడే బోర్డు చుట్టచుట్టుకుని తెచ్చుకుంటున్నారు. చిన్నమ్మ తమ్ముడు బెంగళూరులో అపార్టుమెంట్లకు రంగులు కొట్టే పనిలో ఉండేవాడు. బావను వచ్చేయమని కబురు పెట్టాడు. తాడు కట్టుకుని వేలాడుతూ ఒకే రంగును ఒకే గోడకు పొద్దస్తమానం కొట్టడం. మా నాయన కూడా "పోరా, ఈడేముండాది?" అన్నాడు. చిన్నమ్మ బట్టలు సంచిలో సర్దేసింది. చేతిలో ఒక ట్రాలీ పని ఉంది, అది ముగించి పోతానన్నాడు చిన్నాయన. నాకు అన్నం సయించలేదు. ఆయన వెళ్ళిపోతే ఇక ఆ రోడ్డు మీద నాకేం మిగులుతుంది?

ఆ చివరి ట్రాలీ ఆసామిది పక్క ఊరు. మనిషి పిసినారి అని పేరు. ఆ రోజు మాత్రం ట్రాక్టర్ దిగుతూనే రోడ్డు మీద ఎవరు కనిపిస్తే వాళ్ళ చేయి పట్టుకుని ఊపేస్తున్నాడు. ఆయన చేలో బోరు పడింది! నాలుగు బోర్లు ఎండిపోయాక, ఐదోది వేస్తే నీళ్ళు తన్నుకుని వచ్చాయి. మా వైపు వాళ్ళకు ఇంతకన్నా పెద్ద వార్త ఉండదు. కొడుకు పుట్టినా ఇంత సంబరం చేయరు.

"పేరు రాయి, గంగమ్మ తల్లి దీవెన అని రాయి. ఎనకాల నాకు ఏరు గీరు వద్దప్పా, మా బోరు బొమ్మ ఎయ్" అన్నాడు. చిన్నాయన తల గోక్కున్నాడు. బోరు నీళ్ళు ఎలా ఉంటాయో చూడకుండా వేయలేనన్నాడు. "సూడకుండా ఎందుకేస్తావు? ఎక్కు!" అని ఆయనను ట్రాక్టర్ మీదికి లాగాడు ఆసామి. నేను అప్పటికే రెండో మడ్‌గార్డు మీద ఎక్కి కూర్చున్నాను. దిగమంటారేమోనని ఇనుప కమ్మీని రెండు చేతులా పట్టుకున్నాను. ఎవరూ దిగమనలేదు.

దారంతా గుంతలే. ఎగిరెగిరి పడుతూ వెళ్ళాం. చేనికి చేరగానే ఆసామి ముందు మాకు ఎండు బోర్లు చూపించాడు. ఒక్కొక్క దాని మీద ఒక బండరాయి కప్పి ఉంది. నవ్వుతూనే ఒక్కొక్కదాన్నీ పరిచయం చేశాడు. "ఇది మా ఇంటామె గాజులు. ఇది కాడెద్దులు. అదిగో, గట్టు కాడ ఉండేది మా నాయన పెట్టిన చింతతోపు. ఈ నాలుగోదానికి ఏమమ్మినానో చెప్తే మా ఇంటామె నన్ను ఇప్పుడు గూడా కొడ్తాది." ఆయన భార్య గట్టు మీద నిలబడి ఉంది. చేతులకు రబ్బరు గాజులు. ఆమె నవ్వలేదు, అలాగని కోపంగానూ లేదు. ఆమె చూపంతా ఐదో బోరు మీదే ఉంది.

కరెంటు లేదు. కానుగ చెట్టు కింద కూర్చుని ఎదురుచూశాం. నాకు ఒకటే గుబులు, కరెంటు రాకముందే పొద్దుగుంకితే వెనక్కి తీసుకుపోతారేమోనని. ఉన్నట్టుండి మోటారు గుయ్యిమంది. పైపు రెండుసార్లు దగ్గింది, గాలి ఊదింది, ఎర్రటి నీళ్ళు కొంచెం కక్కింది. ఆ తర్వాత భళ్ళున దూకాయండీ నీళ్ళు! తొట్టిలో పడి లేచి, మా మొహాల మీద చిట్లి, గట్టు దాటి కాలవలో పరుగు పెట్టాయి. నేను గట్టిగా అరిచాను. గౌనుతోనే తొట్టిలోకి దూకాను. ఆసామి పెద్దగా నవ్వాడు. చిన్నాయన మాత్రం పైపు దగ్గర మోకాళ్ళ మీద కూర్చుని, ధార కింద చేయి పెట్టాడు. పెట్టిన చేయి తీయడే! చాలాసేపటికి నా వైపు తిరిగి, ఎవరికీ వినపడకూడని రహస్యంలాగా, "నీళ్ళు నీలంగా లేవు పాపా" అన్నాడు.

నిజమే. ధార తెల్లగా ఉంది, తొట్టిలో సిమెంటు రంగు, కాలవలో మన్ను రంగు. ఎక్కడా నీలం లేదు. ఇన్నాళ్ళూ ఎన్ని నీలం డబ్బాలు ఖర్చు చేశాడో! ఇంటికి వచ్చే దారిలో ఆయన కళ్ళు చూస్తే తిరునాళ్ళలో తప్పిపోయి దొరికిన పిల్లవాడి కళ్ళలా ఉన్నాయి.

మర్నాటి నుంచి వెల్డింగ్ షాపు వెనక యజ్ఞమే జరిగింది. ముందు తుక్కు రేకుల మీద వేసి చూశాడు. మొదటిది గడ్డి మోపులా వచ్చింది. రెండోదాన్ని చూసి షాపు ఆయన పొగ అనుకున్నాడు. ఇంకోటి బాగానే ఉందని నేనన్నాను గానీ, "ఇది కదల్లేదు పాపా" అని పక్కకు విసిరేశాడు. అలా ఎన్ని రేకులు విసిరాడో. విసిరినవన్నీ నేను ఒక మూలన పేర్చి పెట్టుకున్నాను, ఆయన బెంగళూరు పోయాక చూసుకోవచ్చని.

చివరికి ఒక సాయంత్రం ట్రాలీ తలుపు మీద నీళ్ళు దూకాయి. నేను అతిశయోక్తి చెప్పడం లేదు. పైపు నోట్లోంచి తెల్లటి ధార ముందుకే వస్తోంది, చిట్లిన తుంపర ఒకటి ఆసామి పేరు దాకా ఎగిరింది. తొట్టి గట్టు తడిసి నల్లబడింది. వెనక అదే ఎర్రచేను, అదే కానుగ చెట్టు. కొబ్బరిచెట్టు లేదు, బాతు లేదు. ఆ దారిన పోయేవాళ్ళందరూ ఆగారు. బిందెలతో వచ్చిన ఒకామె, "ఇంత నీళ్ళు పెట్టుకోని మాకు బిందెడు పొయ్యవేమప్పా!" అని ఆయనను ఆటపట్టించింది. చిన్నాయన సిగ్గుపడి బ్రష్షులు కడుక్కున్నాడు.

ఆ రాత్రి అన్నాల దగ్గర అవ్వ అడిగింది, ఏమిస్తాడంట ఆసామి అని. "అక్షరాలకిస్తాడు. బొమ్మకు ఆయప్పకు తోచినంత" అన్నాడు చిన్నాయన.

"ఎదుటోనికి యాడ తోచల్లరా? నేను పూలకాడ కూచ్చోని మీకు తోచినంత ఇయ్యండంటే ఈ ఇంట్లో పొయ్యి మండునా?" అంది అవ్వ. చిన్నాయన, ఆదివారం బస్సుకు పోతున్నాను కదా, ఇప్పుడెందుకు ఇదంతా అన్నట్టు పళ్ళెం ముందు నుంచి లేచిపోయాడు. అవ్వ నన్ను పక్కన కూర్చోబెట్టుకుని ఆ చేను సంగతంతా మళ్ళీ చెప్పించుకుంది. ఎండు బోర్లు, గాజులు, ఎద్దులు, చింతతోపు. నేను దాచిన రేకుల సంగతి కూడా చెప్పాను. నేను చేతులూపుతూ చెబుతుంటే ఆమె ఆకు నమలడం ఆపి వింది.

మర్నాడు ఆసామి భార్యను వెంటబెట్టుకుని, టెంకాయ, నిమ్మకాయలతో ట్రాక్టర్ తోలుకుని వచ్చాడు. బొమ్మ చూసి "ఓహో!" అని ఒక కేక పెట్టాడు. చుట్టూ తిరిగాడు. దూరం వెళ్ళి చూశాడు, దగ్గరికి వచ్చి చూశాడు. ఆయన భార్య తిరగలేదు. ఒకేచోట నిలబడి, రంగు ఆరిందో లేదో కూడా చూసుకోకుండా, ఆ ధార మీద చేయి పెట్టింది. టెంకాయ కొట్టారు. ఆ తర్వాత ఆసామి వేలు పెట్టి అక్షరాలు లెక్కపెట్టడం మొదలుపెట్టాడు. ఒత్తులు వదిలేసి.

అప్పుడు లేచింది మా అవ్వ. పూలబుట్ట మీద తడిగుడ్డ కప్పి, రోడ్డు దాటి వచ్చింది. "అక్షరాలు ఎంచొద్దులేప్పా. అవి కొసరు. బొమ్మకియ్యి చాలు" అంది.

చుట్టూ ఉన్నవాళ్ళు గొల్లుమని నవ్వారు. ఆసామి కూడా నవ్వాడు, అవ్వ పరాచికాలాడుతోందనుకున్నాడు. ఆమె నవ్వకపోయేసరికి ఆయన మొహం మారింది. "బొమ్మకు దుడ్లా? యాడన్నా ఉండాదా ఈ న్యాయం? బొమ్మ ఎప్పుడూ కొసరే గదా!"

"ఎప్పుడూ ఏసే బొమ్మయితే కొసరే. ఇది నీ బోరు గదప్పా. ఆ బోరుకు నీకెంతయింది?" అని అడిగింది అవ్వ. ఆయన ఛాతీ విరుచుకుని చెప్పాడు. అవ్వ తల అడ్డంగా ఊపింది. "అది ఈ ఒక్క బోరుకు. ఆ గాజుల బోరు, ఎద్దుల బోరు, చింతతోపు బోరు ఎవరి లెక్కలో రాస్తావు? అవి ఎండకపోతే ఇది పడునా?"

ఆసామికి కోపం వచ్చింది. "నేను భూమి తవ్వినా. మీవాడేం తవ్వినాడు?" అన్నాడు. అవ్వ నా వైపు చూసింది. ముందుగా ఎవరూ ఏమీ చెప్పలేదు గానీ, ఆ చూపు నాకు అర్థమైంది. షాపు వెనక్కి పరుగెత్తి, నేను దాచుకున్న తుక్కు రేకులన్నీ ఈడ్చుకుంటూ తెచ్చాను. రేకు అంచు గీసుకుని చేయి మండినా పట్టించుకోలేదు. రోడ్డు పక్కన వరసగా పరిచేశాను. గడ్డి మోపు నీళ్ళు, పొగ నీళ్ళు, కదలని నీళ్ళు. "ఇవి మావాని ఎండు బోర్లు" అంది అవ్వ.

ఆసామి వంగి ఒక్కొక్క రేకూ చూశాడు. తన చేలో బండరాళ్ళు చూపించిన మనిషే కదా, ఆయనకు అర్థం కాకపోవడం ఏముంది. నడుం నిలబెట్టి, "సరే, చెప్పు. ఎంత?" అన్నాడు అవ్వతో.

"నన్నడుగుతావేమప్పా? పూలయితే నేను చెప్తా. ఏసినోన్ని అడుగు."

అందరూ చిన్నాయన వైపు తిరిగారు. ఆయన చేతిలో గుడ్డ ఉంది, దానితో తుడిచిన బ్రష్షునే తుడుస్తున్నాడు. నోరు తెరిచాడు. ఆ నోట్లోంచి ఏ మాట రాబోతోందో నాకు తెలుసు. "మీకు తోచినంత" అని వచ్చేస్తుంది. వచ్చేస్తే ఇక అంతే, ఆదివారం బస్సే. నేను కళ్ళు మూసుకుని తెలిసిన దేవుళ్ళందరినీ పిలిచాను. పీర్ల సామిని కూడా పిలిచాను.

"ఒక మూట విత్తనకాయల దుడ్లన్నా" అన్నాడు చిన్నాయన.

కళ్ళు తెరిచాను. ఆ మాట ఆయనే అన్నాడా? విత్తనపు వేరుశెనగ మూటంటే మా వైపు చిన్న మాట కాదు. అక్షరాల లెక్కన ఆయన ఎన్ని ట్రాలీలు రాస్తే వస్తుందో అది! ఎవరూ మాట్లాడలేదు. ఆసామి చూస్తూ నిలబడ్డాడు. ఒక లారీ వచ్చి పోయింది. దుమ్ము లేచి తగ్గింది. అప్పటికీ ఎవరూ మాట్లాడలేదు. చిన్నాయన గొంతు సవరించుకున్నాడు. "లేదంటే..." అని మొదలుపెట్టాడో లేదో, అవ్వ ఒక అడుగు పక్కకు వేసి, చెప్పుకాలితో ఆయన కాలిని గట్టిగా తొక్కింది. పైకి మాత్రం ఆకాశంలో మబ్బులు చూస్తున్నట్టు నిలబడింది. చీర కుచ్చిళ్ళ కింద జరిగిన ఆ సంగతి నా ఎత్తు మనిషికి తప్ప ఎవరికీ కనిపించలేదు. చిన్నాయన మాట అక్కడే ఆగిపోయింది. కళ్ళలో నీళ్ళు తిరిగాయి గానీ నోరు మాత్రం మళ్ళీ తెరవలేదు.

చివరికి మాట్లాడింది ఆసామి భార్య. బొమ్మ మీద నుంచి చేయి తీయకుండానే అంది. "నా గాజులు తిన్న బోరుకు నోరెత్తకుండా ఇస్తివి. అది చుక్క నీళ్ళియ్యలే. ఇది ఎప్పుడూ ఎండదు. ఇయ్యి."

ఆసామి లోపలి జేబులోంచి డబ్బు తీసి, చిన్నాయన చేతిలో పెట్టాడు. పెట్టాక ఏదో గుర్తొచ్చినట్టు ఆగాడు. "ఇంత పోసినాక ఊర్లోవాళ్ళు ఇది ఎవరేసినారప్పా అంటే నేనేం చెప్పల్ల? నీ పేరు రాయి కింద."

అప్పుడు తెలిసింది నాకు, మా చిన్నాయన అంతవరకు ఏ బొమ్మ కిందా తన పేరు రాసుకోలేదని. ఊరి పేర్లన్నీ రాసినవాడు తన పేరు ఎంత పెద్దగా రాయాలో తెలియక బ్రష్షు పట్టుకుని అటూ ఇటూ చూశాడు. తొట్టి కింద, తడిసిన మట్టి దగ్గర, తెల్లరంగుతో చిన్నగా రాసుకున్నాడు. చివరి అక్షరం వంకర పోయింది. ఆసామి వేలు పెట్టి, "ఈ అక్షరాలకు గూడా దుడ్లియ్యల్లనా?" అన్నాడు మొహం గంటు పెట్టుకుని.

"అవి కొసరన్నా" అన్నాడు మా చిన్నాయన.

ఆ రోజు ఆ రోడ్డు మీద లేచిన నవ్వు నేను మళ్ళీ వినలేదు. ఆసామి అందరికన్నా పెద్దగా నవ్వాడు. ట్రాక్టర్ కదిలింది. మేం పిల్లలమంతా ఊరి పొలిమేర దాకా ఆ నీళ్ళ వెంట పరుగెత్తాం. తిరిగొచ్చేసరికి అవ్వ తన పూలబుట్ట దగ్గర కూర్చుని ఎవరికో మూర కొలుస్తోంది, మోచేయి మడిచి. చిన్నాయన ఒక కాలి మీద కుంటుతూ బ్రష్షులు సర్దుకుంటున్నాడు.

ఆ తర్వాత అంతా తేనె, పాలు అయిపోయిందని చెప్పను. బొమ్మకు ధర అంటే "వీనికి పొగరెక్కింది" అని తిట్టి పోయినవాళ్ళు ఉన్నారు. ఒకాయన బొమ్మ లేకుండా ఉత్త పేరుతోనే ట్రాలీ తోలుకుపోయి ఏడాదిపాటు మాతో మాట్లాడలేదు. కానీ ఆ ట్రాలీ సంతలన్నీ తిరిగింది. కింద పేరు చదివి, వెతుక్కుంటూ వచ్చినవాళ్ళు కూడా ఉన్నారు. నాకు మా గుడి గోపురం కావాలి, నాకు చచ్చిపోయిన మా కాడెద్దులు కావాలి అని. ధర అడిగితే చిన్నాయన చెప్పేవాడు. మొదట్లో నేల చూపులు చూస్తూ, తర్వాత్తర్వాత వాళ్ళ మొహం చూస్తూ. అంతకుముందే, బస్సెక్కాల్సిన ఆదివారానికి ముందు రోజు, చిన్నమ్మ ఎవరికీ ఏమీ చెప్పకుండా సంచిలోని బట్టలు తీసి దండెం మీద వేసింది.

ఇప్పుడు నేను ధర్మవరంలో మగ్గం వర్క్ చేస్తాను. పెళ్ళి రవికెల మీద జరీ, పూసలు, అద్దాలు కుట్టే పని. నా దగ్గర పది మందికి పైగా ఆడపిల్లలు పని నేర్చుకుంటున్నారు. వాళ్ళ చేతుల్లో ఉన్న విద్య చూస్తే నాకే అసూయ కలుగుతుంది. ధర చెప్పమంటే మాత్రం అందరూ నేల చూపులే. పనికి వచ్చిన కొత్తలో పాడైన గుడ్డలను సిగ్గుతో దాచేస్తారు. నేను దాచనివ్వను. అవన్నీ మీ ఎండు బోర్లే, వాటిని కూడా ధరలో వేసుకోండి అంటాను. ధర చెప్పడం కూడా నేర్పవచ్చు, అదేమంత కష్టం కాదు. కష్టమంతా చెప్పాక ఊరుకోవడంలో ఉంది. ఎదుటి మనిషి కాసేపు పలకకపోతే చాలు, మన పని మీద మనకే అనుమానం వచ్చేస్తుంది. తగ్గించేద్దామని నాలుక దురద పెడుతుంది. ఇన్నేళ్ళు వచ్చినా నాకూ పెడుతుంది.

అందుకే కొత్త పిల్ల ఎవరైనా మొదటిసారి ధర చెప్పే రోజు నేను ఆమె పక్కనే నిలబడతాను. "లేదంటే" అనగానే కాలు తొక్కుతాను. మెల్లగా కాదు, మా అవ్వ తొక్కినట్టే. కొనడానికి వచ్చినవాళ్ళు పోయాక ఆ పిల్లలు నా మీద విసుక్కుంటారు, "ఇంత గట్టిగానా అక్కా, వాచిపోయింది!" అని. వాచింది రేపటికి తగ్గుతుంది. మా చిన్నాయన మాత్రం బెంగళూరు పోలేదు.